చిన్న జాడీ

"సంతకం పెట్టనంటే పెట్టను! కావాలంటే నా చెయ్యి నరికి పట్టుకెళ్ళి పెట్టించుకోమను."

పొద్దుట్నించి మా ఆయన మొహిద్దీన్ బాషా ఈ మాట అనడం ఇది నాలుగోసారి. నాతో అనడం లేదు. మా పరుపుల కొట్టు ముందు నడిరోడ్డు మీద నిలబడి, ఎదురుగా లారీలోకి మిరపకాయల టిక్కీ బస్తాలు ఎక్కిస్తున్న కూలీలక్కూడా వినబడేట్టు అంటున్నాడు. పర్చూరులో సగం ఊరికి ఆ మాట చేరితేగానీ ఆయనకి కడుపు నిండేట్టు లేదు.

ఆయన తమ్ముడు షానవాజ్ కొట్టు గడప దగ్గర బోర్లా పడున్నాడు. మొహం కడుక్కుందామని బయటికొస్తూ కాళ్ళు తడబడి పడ్డాడు. నోటి పక్క నుంచి చొల్లు కారి చొక్కా తడిసింది. లేవబోతే రెండు చేతులూ వణుకుతున్నాయి.

చుట్టూ పదిమంది మగాళ్ళు చేరారు. ఒక్కడు వంగి చెయ్యందించలేదు. ఒకడైతే సెల్లు పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

"ఏవయ్యా, మీ ఇంట్లో మనిషి పడితే కూడా ఇట్టాగే తీస్తావా?" అని అరిచాను. వాడు సెల్లు దించలేదు. రెండడుగులు వెనక్కి వేసి, నన్ను కూడా కలుపుకుని తీశాడు.

నేనే చంకల కింద చేతులు వేసి లేపాను. తడిసిన పరుపులా బరువుగా వేలాడాడు మనిషి.

"వదిలెయ్ వదినా. నీ చీరకి అంటుద్ది," అన్నాడు షానవాజ్. నాలుక మందంగా తిరుగుతోంది.

"చూశారుగా!" అన్నాడు మా ఆయన జనం వంక తిరిగి. "పదిరోజులు ఇంట్లో పెట్టుకుని చూడమన్నారు. తొమ్మిదో రోజుకే తిరగబెట్టింది. రేపు ఆ కరుణాకర్ వస్తాడుగా, జీపెక్కించుకుని పొమ్మంటా."

రోత పుట్టింది నాకు. తమ్ముడి చొల్లు చూసి కాదు. తమ్ముడు పడితే లేపకుండా, ఆ పడడాన్ని ఊరందరికీ చూపించుకుంటున్న అన్నని చూసి.

కొట్టు వెనకే ఉన్న ఇంట్లోకి తీసుకొచ్చి హాల్లో గోడకి ఆనించి కూర్చోబెట్టాను. తడిగుడ్డతో మూతి తుడుస్తుంటే చిన్నపిల్లాడిలా గడ్డం ఎత్తి ఇచ్చాడు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అతనికి పదకొండేళ్ళు. అప్పుడూ ఇట్టాగే గడ్డం ఎత్తేవాడు. ఇప్పుడు ముప్ఫై ఆరు. మధ్యలో ఐదేళ్ళు ఇనుప గేటు వెనక ఉండి వచ్చాడు.

నాకు అతనంటే భయం లేదా అంటే, ఉంది. ఎందుకుండదు? ఐదేళ్ళ క్రితం ఈ హాల్లోనే, పరుపులు కొట్టే కర్రతో, కట్టుకున్న పెళ్ళాన్ని, సఫూరాని చంపాడు. "నా కూట్లో విషం కలుపుతోంది, రోజూ కలుపుతోంది" అంటూ చంపాడు. అంతకు ముందు ఏడాదిగా గోడలతో మాట్లాడేవాడు, చాలా రాత్రుళ్ళు నిద్రపోయేవాడు కాదు. మతి లేని స్థితిలో చేశాడు కాబట్టి శిక్ష లేదు, బాగయ్యేదాకా మానసిక ఆసుపత్రిలో కాపలా ఉండే వార్డులో ఉంచమంది కోర్టు. ఇప్పుడు బాగయ్యిందని అక్కడి డాక్టర్లే అంటున్నారు. మందులు వేసుకుంటూ ఇంటి దగ్గర ఉండొచ్చంటున్నారు. కాకపోతే, మేం చూసుకుంటామని ఇంటివాళ్ళు ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే మళ్ళీ ఆ గేటు వెనక్కే. బాగుపడి కూడా, తీసుకెళ్ళే దిక్కు లేక అక్కడే జుట్టు నెరిసిపోయినవాళ్ళు ఉన్నారని కరుణాకర్ గారే చెప్పారు. ఆయన ఆసుపత్రి తరపున ఇళ్ళు చూసి రిపోర్టు రాసే మనిషి.

మొదటి మూడు రోజులూ గడియ వేశానా లేదా అని నేనూ రెండుసార్లు చూసుకున్నాను. అబద్ధం చెప్పను. నాలుగో రోజు చూసుకోవడం మానేశాను. మా ఆయన మానలేదు. సాయంత్రం కాగానే కొట్టులో కత్తెరలూ సూదులూ లెక్కపెట్టి బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. దూది పని చేసే ఇంట పుట్టి, జానెడు పిల్లాడప్పుడే పరుపుకి కుట్టు వేసినవాడు షానవాజ్. కాపలా వార్డులోనే రెండో ఏడు అతని చేతికి సూదిచ్చారంట. వార్డు పరుపులన్నీ అతనే కుట్టాడంట. సొంతింట్లో ఇవ్వలేదు.

"ఏమే జైనూ, వాడు పొద్దున ఏమన్నా తిన్నాడా?" అంటూ మా అత్త హుస్సేన్‌బీ వంటింట్లోంచి తొంగి చూసింది.

"పడిపోయిన మనిషిని చూడ్డానికి రావుగానీ, తిన్నాడా లేదా అని అడుగుతావేం అత్తా?"

"తింటేనే కదా ఒంట్లో బలం. మధ్యాహ్నం నేనే పెడతాలే. నువ్వు ముట్టుకోబాక."

తొమ్మిది రోజులుగా ఇదే పాట. మాకందరికీ నేను వడ్డించాలి, చిన్నకొడుక్కి మాత్రం ఆమే పెట్టాలి. తల్లి ప్రేమ అనుకున్నాను. వాడికి అరగదని పండుమిరప పచ్చడి కూడా కారం తగ్గించి చిన్న జాడీలో వేరే పెట్టింది. మా పచ్చడి పెద్ద జాడీలో. నేనెంత పిచ్చిదాన్ని! మిరపతోటల మధ్య పుట్టి పెరిగినవాడికి కారం ఎప్పట్నించి పడకుండా పోయింది?

మధ్యాహ్నం అత్త నమాజుకి కూర్చుంది. అంతలో షానవాజ్ గోడకి తల ఆనించి, "ఆకలేస్తోంది వదినా," అన్నాడు. పాపం, మూడు గంటలుగా అట్టాగే కూర్చున్నాడు.

కంచంలో అన్నం పెట్టాను. పప్పు వేశాను. చిన్న జాడీ మూత తీశాను.

అతను ఆ జాడీ వంక చూశాడు. "అది..." అని ఆగాడు. "సరేలే, వెయ్యి."

"ఏందది? వద్దా?"

"వెయ్యి వదినా. అమ్మ అడుగుద్ది, తిన్నాడా అని."

ఆ మాటలో ఏదో తేడాగా తోచింది. పచ్చడి చెంచాతో తీసి, అలవాటుకొద్దీ వేలితో నాలిక మీద రాసుకున్నాను.

ముందు కారం. తర్వాత చింతపండు పులుపు. ఆ తర్వాత, నాలిక అడుగున, చేదు. మామూలు చేదు కాదు. మెంతులు మాడిన చేదు కూడా కాదు. పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేశాను. నీళ్ళు పుక్కిలించినా వదల్లేదు.

ఆ చేదు నాకు కొత్త కాదు. తూము పక్కన గోడ పట్టుకుని నిలబడ్డాను. ఎక్కడ తిన్నాను దీన్ని? గుర్తొస్తున్నట్టే ఉంది, గుర్తు రాకుండా ఉంటే బావుండుననీ ఉంది.

లోపలికి వచ్చేసరికి షానవాజ్ ఆ పచ్చడి అన్నంలో కలుపుకుంటున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇందులో ఏముందో నీకు తెలుసా?"

అతను గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "మాత్రలు. నేను వేసుకునేవే. నూరి కలుపుతున్నారు."

"ఎప్పట్నించి తెలుసు?"

"మూడో రోజు నుంచి."

"నీ మాత్రలు నువ్వు మా అందరి ముందే వేసుకుంటున్నావుగా!"

"వేసుకుంటున్నా. ఇవి పైన. అందుకే ఈ చొల్లూ, ఈ వణుకూ. మొదట్లో డోసు ఎక్కువైనప్పుడు వార్డులో కూడా ఇట్టాగే అయ్యేది. డాక్టరమ్మ చూసి తగ్గించింది."

"తెలిసి తింటున్నావా? నోట్లో నాలిక లేదా నీకు? చెప్పవేం?"

అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఏమని చెప్పను వదినా? మా ఇంట్లో నా తిండిలో ఏదో కలుపుతున్నారు అని చెప్పనా? నేనా? ఎవరు నమ్ముతారు? నెలనెలా నన్నడిగే మొదటి ప్రశ్నే అది. 'షానవాజ్, నీ తిండిలో ఎవరన్నా ఏమన్నా కలుపుతున్నారనిపిస్తోందా?' అని. మూడేళ్ళు పట్టింది నాకు, లేదు అని మనసులోంచి చెప్పడానికి. ఇప్పుడు అవును అన్నాననుకో, నా జబ్బు తిరగబెట్టిందని వెంటనే రాసుకుంటారు."

"నేను చెప్తా రేపు."

"వద్దు." వణికే చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు చెప్తే వాళ్ళు నమ్ముతారు. నమ్మి, ఆ ఇల్లు పనికిరాదు అని రాస్తారు. ఎట్టా చూసినా నేనే లోపలికెళ్ళేది. ఈ ఇల్లు కాకపోతే నాకింకో ఇల్లు లేదు. ఒక్క రోజు వదినా. రేపు కరుణాకర్ సారు ఎదురుగా కాళ్ళు తడబడకుండా నిలబడితే చాలు."

ఆ కంచం లాక్కుని పెరట్లో పారేశాను. మళ్ళీ అన్నం పెట్టి, పెద్ద జాడీలో పచ్చడి వేశాను. కారానికి కళ్ళనీళ్ళు కారుతుంటే ఇష్టంగా తిని, వెళ్ళి పెరటి గదిలో పడుకున్నాడు.

అత్త నమాజు ముగించి లేచేసరికి నేను చిన్న జాడీ పట్టుకుని హాలు మధ్యలో నిలబడి ఉన్నాను. మా ఆయన కూడా అన్నానికి లోపలికొచ్చాడు.

"ఇదేంది అత్తా?"

ఆమె ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత గట్టిపడింది. "పచ్చడి."

"అయితే ఇదిగో, ఒక్క ముద్ద తిను. నా ముందు."

"ఏందే ఆ మాటలు? అత్తననుకున్నావా, ఎవరనుకున్నావు?"

"తినమంటున్నా!"

"అరవబాకు," అన్నాడు మా ఆయన. "మాత్రలు నేనే తెచ్చా. పాత చీటీ చూపిస్తే మందుల షాపువాడు ఇచ్చాడు. అయితే ఏంది? విషం పెట్టామా? మందేగా!"

"వేసుకుంటున్న మందు మీద మందు పెడతారా? మనిషి పడిపోయి చొల్లు కారుస్తుంటే నడిరోడ్డు మీద నిలబడి తిరగబెట్టింది అని అరిచావే! నీ చేత్తో నువ్వే పడేసి!"

"వాడు నిజంగా మింగుతున్నాడో, నాలిక కింద పెట్టి ఉమ్మేస్తున్నాడో ఎవరు చూశారు? నేను కొట్టులో ఉంటా. ఇంట్లో మీరు ఆడోళ్ళు. వాడు మళ్ళీ కర్ర పడితే?"

"అందుకని కలుపుతారా? ఏ మాట మీద మనిషి చచ్చిందో, అదే పని చేస్తారా? సిగ్గూ ఎగ్గూ లేదా మీకు?"

అత్త చాప మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. "తల్లినే నేను. వాడు నిద్రపోతేనే నాకు నిద్ర. నాకు తెలిసింది ఇదొక్కటే. అప్పుడు మాత్రం చెప్తే వేసుకున్నాడా? పచ్చడిలో కలిపితేనే కదా రెండు నెలలు కుదురుగా పడుకుంది!"

"అమ్మా!" అన్నాడు మా ఆయన.

రోడ్డు మీద లారీ వెనక్కొస్తున్న చప్పుడు వినబడుతోంది. పెరటి గది తలుపు వేసే ఉంది. షానవాజ్ విన్నాడో లేదో తెలియదు.

"అప్పుడంటే ఎప్పుడు అత్తా?" అన్నాను.

ఆమె కొంగులోకి ముఖం దాచుకుంది. మా ఆయనే చెప్పాడు, నేల వంక చూస్తూ. ఐదేళ్ళ క్రితం షానవాజ్ మందు ముట్టనని మొండికేస్తే, ఊళ్ళో సూదులు వేసే డాక్టరు, కూరలోనో పచ్చడిలోనో కలిపి పెట్టండి అన్నాడంట. అమ్మ నూరేదంట. సఫూరా వడ్డించేదంట. ఒకరోజు పొడి సరిగా నలగక అతని కంటబడిందంట.

ఆ చేదు ఎక్కడ తిన్నానో అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజు సఫూరా ఇంకా హాల్లోనే పడి ఉంది. ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. వాళ్ళు వచ్చేలోపు అత్త కంచాలన్నీ తెచ్చి నా ముందు పడేసి, "కడిగెయ్యి, ఎంగిలి కంచాలతో ఇల్లు ఎట్టా ఉందో చూడు," అంది. కడిగాను. ఇంట్లో శవం ఉండగా కూర్చుని కంచాలు తోమినదాన్ని నేను. షానవాజ్ కంచంలో పచ్చడి కింద తెల్లగా సుద్దపొడిలా ఏదో అంటుకుని ఉంటే వేలితో రుద్దాను. చెయ్యి మూతికి తగిలితే చేదు. సబ్బుపొడి అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా?

కోర్టులో నేనే సాక్షిని. "ఆయన తినే అన్నంలో ఎవరన్నా ఏమన్నా కలిపారా?" అని వకీలు అడిగాడు. "లేదండీ, అందరం ఒకే గిన్నెలో అన్నం తిన్నాం," అని చెప్పాను. నిజమే. అన్నం ఒకే గిన్నె. పచ్చడి గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ మాట పట్టుకునే అతనిది వట్టి భ్రమ అన్నారు అందరూ. అతని చేత కూడా ఐదేళ్ళు అదే అనిపించారు.

ఛీ! నా మూతి మీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

"ఐదేళ్ళు!" అన్నాను. "ఐదేళ్ళు ఈ సంగతి కడుపులో పెట్టుకుని నా పక్కన కూర్చుని అన్నం తిన్నావా?"

"చెప్తే అమ్మని కూడా తీసుకుపోయేవాళ్ళు," అన్నాడు మా ఆయన. "అయినా కర్ర పట్టింది వాడు. మాత్ర కలిపితే పెళ్ళాన్ని చంపుతారా ఎవరన్నా? ఇప్పుడు తవ్వి ఏం చేస్తావు? రేపు నోరు తెరిచావంటే అమ్మ పరువు పోద్ది, వాడు లోపలే ఉంటాడు. నీకేం మిగులుద్ది?"

ఆయన అన్నదాంట్లో నిజం ఉండడం మరీ అసహ్యంగా ఉంది. నిజంగానే చెప్పినా అతను లోపలికే, చెప్పకపోయినా ఈ జాడీ దగ్గరికే. జాడీ తీసుకెళ్ళి నా ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆ సాయంత్రం కూడా మా ఆయన సూదులు లెక్కపెట్టుకున్నాడు. అత్త అన్నం వద్దంది. నేను బతిమాలలేదు.

మర్నాడు పదింటికి కరుణాకర్ గారు వచ్చారు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫైలు. చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చారు. మా ఇంటికొచ్చే ఆఫీసు మనుషుల్లో ఆ పని చేసింది ఆయనొక్కడే.

షానవాజ్ ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు. కాళ్ళు తడబడలేదు. చేతులు మాత్రం కట్టుకున్నాడు, వణుకు కనబడకుండా. అయినా కనబడింది.

"సార్, నిన్న వీడు రోడ్డు మీద పడిపోయాడు," అన్నాడు మా ఆయన, ఆయన కూర్చోకముందే. "ఊరంతా చూసింది. వీడియో కూడా ఉంది, పంపిస్తా. మావల్ల కాదండీ."

కరుణాకర్ గారు షానవాజ్ చేతులు పట్టుకుని చూశారు. మోచెయ్యి వంచి చూశారు. నుదురు చిట్లించారు. "మేమిచ్చిన డోసుకి ఇంత బిగువు రాకూడదే. మాత్రలేవి?"

షానవాజ్ కవరు తెచ్చిచ్చాడు. ఉండాల్సినన్నే ఉన్నాయి. ఒకటి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"వేరే ఏమన్నా వాడుతున్నాడా? మందు తాగడం, నాటు వైద్యం లాంటివి?"

"అబ్బే, ఏం లేదండీ," అంది అత్త.

"కరుణాకర్ గారూ," అన్నాను నేను. "ఆ సంతకం ఆయనే పెట్టాలా? నేను పెడితే చెల్లుతుందా?"

మా ఆయన తల తిప్పి చూసిన చూపు ఇంకొకరోజైతే నన్ను లోపలికి పంపేసేది.

"చెల్లుతుందమ్మా, కోర్టు ఒప్పుకుంటే. దగ్గరివాళ్ళు ఎవరైనా పెట్టొచ్చు. కానీ ముందు ఈ ఇల్లు అతనికి మంచిదేనని నేను రాయాలి. అదీ చూసి, అతని పరిస్థితీ చూసి జడ్జిగారు నిర్ణయిస్తారు." ఆయన ఫైలు తెరిచారు. "సరే షానవాజ్. ఎప్పుడూ అడిగేవే. నీ తిండిలో ఎవరన్నా ఏమన్నా కలుపుతున్నారనిపించిందా, ఈ పదిరోజుల్లో?"

షానవాజ్ నా వంక చూశాడు. వద్దు అని కళ్ళతోనే అడిగాడు.

"లేదు సార్," అన్నాడు.

"ఇదివరకు అనిపించేది కదా. దాని గురించి ఇప్పుడేమనుకుంటున్నావు?"

"అది నా జబ్బు సార్. నాకు ఎవరూ ఏమీ కలపలేదు. మా వాళ్ళు మంచివాళ్ళు. నేనే తప్పుగా అనుకుని, ఏ పాపం తెలియని మనిషిని చంపాను." ఒక్క పదం తడబడకుండా చెప్పాడు, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు. "మా వాళ్ళు నన్ను క్షమించి ఇంట్లోకి రానిచ్చారు. అదే ఎక్కువ సార్."

మా ఆయన గోడ వంక చూస్తున్నాడు. అత్త తస్బీ పూసలు తిప్పుకుంటోంది. క్షమించారంట! ఆ మాట అతని నోట విని, దాన్ని తమదే అన్నట్టు పుచ్చుకుని కూర్చున్నారు ఇద్దరూ. వాళ్ళ పక్కన నేనూ కూర్చున్నాను. ఇంకొక్క నిమిషం అట్టాగే కూర్చుంటే నేనూ వాళ్ళలో ఒకదాన్నని నాకు తెలిసిపోయింది.

లేచి వెళ్ళి ట్రంకు పెట్టె తాళం తీశాను. జాడీ తెచ్చి ఆయన ఫైలు పక్కన పెట్టాను.

"జైనూ!" అన్నాడు మా ఆయన.

"వదినా, వద్దు," అన్నాడు షానవాజ్.

"ఇది అతనికి వేరేగా పెట్టిన పచ్చడి," అన్నాను. "మాత్రలు నూరి కలిపారు. నిన్నటిదాకా రోజూ కలిపారు. అతనికి మూడో రోజే తెలుసు. చెప్తే జబ్బంటారని నోరు మూసుకుని తిన్నాడు. కావాలంటే రుచి చూడండి. ఇల్లు మంచిది కాదనే రాసుకోండి, పర్వాలేదు. నేను వేరే గది అద్దెకి తీసుకుని అయినా సంతకం పెడతాను. ఇంకో మాట కూడా రాసుకోండి. ఐదేళ్ళ క్రితం కూడా కలిపారు. నేను కోర్టులో చెప్పింది తప్పు."

కరుణాకర్ గారి పెన్ను ఆగిపోయింది. ఆయన జాడీ వంక చూడలేదు. షానవాజ్ వంక చూస్తున్నారు.

షానవాజ్ కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఇప్పుడు వణుకు దాచుకోవాలని కూడా లేదు.

"అప్పుడూనా?" అన్నాడు.

"అప్పుడూ."

"నిజంగా ఉందా అందులో?"

"ఉంది షానవాజ్. విషం కాదు. మాత్రలు."

అతను నెమ్మదిగా కింద కూర్చున్నాడు. సఫూరా పడిపోయిన చోటికి రెండు మూరల దూరంలో. కరుణాకర్ గారు కుర్చీ లోంచి లేచి వచ్చి అతని పక్కన నేల మీద కూర్చున్నారు.

"వదినా," అన్నాడు. ఏడవడం లేదు. అరవడం లేదు. మామూలుగా, దాహం అడిగినట్టు అడిగాడు. "సఫూరాకి తెలుసా?"

నేను నోరు తెరిచాను. అప్పుడు తట్టింది నాకు, నిన్న అంత అరిచాను, అంత అసహ్యపడ్డాను, ఆ ఒక్క మాట మాత్రం అడగలేదు. వడ్డించే పిల్లకి తాను ఏం వడ్డిస్తోందో తెలుసా? తెలిసి పెట్టిందా, తెలియకుండా చచ్చిపోయిందా?

"నాకు తెలియదు," అన్నాను.

షానవాజ్ నా మీంచి చూపు తిప్పి తల్లి వంక చూశాడు. "అమ్మా, దానికి తెలుసా?"

మా ఆయన కూడా తల్లి వంక చూశాడు. ఆయనకీ తెలియదని ఆ ముఖం చూస్తే అర్థమైంది. ఈ లోకంలో ఆ జవాబు తెలిసిన మనిషి ఒక్కతే మిగిలింది. ఆమె తస్బీ తిప్పడం ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.